తుపాకులు, టైమర్లు లేని ఆట ఏదైనా ఉందా?

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్లు. టైమర్ కనిపిస్తే చాలు టెన్షన్ పడిపోతుంది. ప్రశాంతంగా తిరుగుతూ ఆడుకునే గేమ్ ఏదైనా చెబుతారా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: 'ఎ షార్ట్ హైక్' ఆడించండమ్మా. కెనడాకు చెందిన ఆడమ్ రాబిన్సన్-యూ 2019లో తెచ్చిన గేమ్ ఇది. క్లెయిర్ అనే పక్షిపిల్ల ఒక దీవికి వస్తుంది, అక్కడ ఫోన్‌కు సిగ్నల్ ఉండదు, కావాలంటే హాక్ పీక్ అనే శిఖరం ఎక్కాలి, కథంతా ఇంతే. ఎక్కడానికి బంగారు ఈకలు కావాలి. దీవంతా తిరుగుతూ, ఎదురైన వాళ్లతో కబుర్లాడుతూ ఒక్కో ఈక సంపాదించుకునేకొద్దీ గాల్లో ఇంకో గెంతు గెంతొచ్చు, నిట్టనిలువు రాతిమీద ఇంకాస్త పైకి పాకొచ్చు. శిఖరం దగ్గర మాత్రం చలికి ఈకలు గడ్డకట్టేస్తాయి, అక్కడ కాస్త చూసుకుని ఎక్కాలి. జారిపడితే? ఏమీ కాదు, రెక్కలు చాపి తేలుతూ దిగిపోవడమే, నాకైతే ఎక్కడం కన్నా అదే ఇష్టం!

బుర్రకు గట్టి పని కావాలంటే ఇది చాలదు. చెట్లు పడగొట్టి, దుంగలు దొర్లించి దీవి నుంచి దీవికి దాటే 'ఎ మాన్‌స్టర్స్ ఎక్స్‌పెడిషన్' (2020) చూడండి. దాంట్లో టైమర్ లేదు, కానీ కొన్నిచోట్ల పెద్దవాళ్లే జుట్టు పీక్కుంటారు.