రాత్రిపూట కాళ్ళ పీకుడు: నల్లమందు జాతి మందులపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మ వయసు 62. పడుకోగానే కాళ్ళలో పురుగులు పాకినట్టు, లోపల్నుంచి ఎవరో లాగుతున్నట్టు ఉంటుందట. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, మళ్ళీ నడుం వాలిస్తే మొదలు. ఆరేళ్ళ కిందట ప్రామిపెక్సోల్ 0.125 మి.గ్రా. ఇచ్చారు. మొదట్లో హాయిగా నిద్రపోయేది. పెంచుకుంటూ వచ్చి ఇప్పుడు 0.75 వేస్తున్నాం. అయినా మధ్యాహ్నం మూడింటికే మొదలవుతోంది, చేతులకీ వచ్చింది. ఇప్పుడు చూస్తున్న డాక్టరుగారు ఆ మాత్ర మాన్పించి, నల్లమందు జాతి (ఓపియాయిడ్) మందు చిన్న మోతాదులో ఇద్దామంటున్నారు. ఇంట్లో అందరం హడలిపోయాం. అమ్మ మత్తుకి అలవాటు పడిపోదా?
– ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: మీ అమ్మగారికి ఉన్నది రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. ఆరేళ్ళలో అది ఇంత పెరగడానికి చాలావరకు కారణం ఆ మాత్రే. డాక్టర్లు దీన్ని ఆగ్మెంటేషన్ అంటారు. రాత్రి మొదలయ్యే బాధ పగటికి జరగడం, కాళ్ళ నుంచి చేతులకి రావడం, కూర్చున్న ఐదు నిమిషాలకే పట్టుకోవడం, మాత్ర పెంచితే కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదటికి రావడం దాని గుర్తులు. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి డోపమైన్ మందులకి (మెదడులోని డోపమైన్ అనే రసాయనంలా పనిచేసేవి) ఈ గుణం ఉంది. అందుకే 2025లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ వీటిని మామూలుగా వాడొద్దని సూచించింది. ఈ జబ్బుకి ప్రామిపెక్సోల్ 0.5 మి.గ్రా. దాటకూడదు. ఇంకా పెంచితే మంటలో నెయ్యి పోసినట్టే. అన్నట్టు, ఈ మందు మీద ఉన్నవాళ్ళకి కొందరికి జూదం, అక్కర్లేనివి కొనడం మీద ఆపుకోలేని యావ పుడుతుంది. ఫోన్లో ఆర్డర్లు ఈ మధ్య ఎక్కువయ్యాయేమో చూడండి. అడిగితే గానీ ఎవరూ చెప్పరు.

నల్లమందు జాతి మందు జోలికి వెళ్ళేముందు ఐరన్ లెక్క తేల్చుకోవాలి. ఈ జబ్బులో కొరత ఉండేది మెదడులో. హిమోగ్లోబిన్ 13 ఉన్నా ఆ కొరత ఉండొచ్చు. పొద్దున్నే పరగడుపున ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), సీరం ఐరన్ (రక్తంలో తిరిగే ఐరన్), టీఐబీసీ (రక్తం మోయగల ఐరన్ మొత్తం) పరీక్షలు చేయించండి. ఐరన్ మాత్రలు వేసుకుంటుంటే రెండు రోజుల ముందు నుంచి ఆపండి. ఫెరిటిన్ 28 వచ్చినా ల్యాబ్ కాగితం మీద 'నార్మల్' అనే ఉంటుంది. ఈ జబ్బుకి మాత్రం 75 లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఐరన్ ఇవ్వాల్సిందే. సీరం ఐరన్‌ని టీఐబీసీతో భాగించి 100తో గుణిస్తే శాచురేషన్ (ఆ మోతలో ఎంత శాతం నిండిందో) వస్తుంది. ఐరన్ 52, టీఐబీసీ 340 అనుకుంటే 15 శాతం. 20 కన్నా తక్కువైతే అదీ కొరతే. జ్వరం, కీళ్ళవాపు ఉన్నప్పుడు నిల్వ లేకపోయినా ఫెరిటిన్ పెరిగి కనిపిస్తుంది కాబట్టి రెండూ కలిపి చూడాలి.

మాత్రలైతే రోజూ లేదా రోజు విడిచి రోజు ఒకటి, ఖాళీ కడుపున, నిమ్మరసంతో. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర దగ్గరికి రానివ్వకండి. మాత్రలు పనిచేయడానికి నెలలు పడుతుంది. మీ అమ్మగారి స్థితిలో సెలైన్ ద్వారా ఎక్కించే ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ 1000 మి.గ్రా. మేలని మా అభిప్రాయం. ఫెరిటిన్ 75–100 మధ్య ఉన్నవాళ్ళకి కూడా ఎక్కించే ఐరనే పనికొస్తుంది, మాత్రలు కాదు. ఎక్కించాక అరగంట ఆసుపత్రిలోనే ఉంచుతారు. గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు, ఒక్కోసారి 12 వారాలు. వారానికే 'ఏం పనిచేయలేదు' అని తీర్మానించకండి. ఫెరిటిన్ మళ్ళీ చేయించడానికి 8 వారాలు ఆగండి, ముందే చేస్తే అంకె ఊరికే ఎక్కువ చూపిస్తుంది.

ఇక మీ భయం సంగతి. 1672లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఈ జబ్బుని మొదటిసారి వర్ణించినప్పుడు ఇచ్చిన మందు నల్లమందు ద్రావకమే. 'రెస్ట్‌లెస్ లెగ్స్' అన్న పేరు 1945లో స్వీడన్ డాక్టరు ఎక్‌బోమ్ పెట్టాడు. పేరు రాకముందే మందు ఉందన్నమాట.

మిగతా మందులు విఫలమైనవాళ్ళకి ఇప్పుడు వాడే మోతాదులు చిన్నవి: ట్రమడాల్ రోజుకి 100–200 మి.గ్రా., మెథడోన్ ఎక్కువమందికి 5–10 మి.గ్రా., నాలుక కింద పెట్టే బ్యూప్రెనార్ఫిన్ 0.5 మి.గ్రా. నుంచి. మన దగ్గర బ్యూప్రెనార్ఫిన్ 0.2 మి.గ్రా. మాత్రలుగానూ దొరుకుతుంది కాబట్టి 0.5 కన్నా కింద నుంచే మొదలుపెట్టొచ్చు. ఇవన్నీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు అర్థం కావడానికి. అంకెలు చూసి సొంతంగా కొనడానికి కాదు.

'అలవాటు' అన్న మాటలో రెండు విషయాలు కలిసిపోయాయి. రోజూ వేసుకునే ఎవరికైనా ఒంటికి అలవాటవుతుంది, హఠాత్తుగా ఆపితే చెమటలు, విరేచనాలు, కాళ్ళ పీకుడు రెట్టింపు వస్తాయి. దానికి నెమ్మదిగా తగ్గించడమే మందు. వ్యసనం వేరు: డోసు చాలక దొంగతనంగా పెంచుకోవడం, రెండు మూడు చోట్ల చీటీలు రాయించుకోవడం, మందు కోసం పనులు మానుకోవడం. చిన్న మోతాదులో, ఒకే డాక్టరు దగ్గర వాడేవాళ్ళలో ఇది తక్కువే, కానీ అసలు ఉండదని చెప్పలేం. తాగుడు, గుట్కా వంటి వ్యసనాలు ఇంతకుముందు ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఉన్నా దాచకుండా చెప్పండి.

మార్చే పద్ధతి ముఖ్యం. చాలామంది పాత మాత్ర ఆపేసి, బాధ భరించలేక మళ్ళీ దానికే పోతారు. ముందు కొత్త మందు మొదలుపెట్టి, అది కుదురుకున్నాక ప్రామిపెక్సోల్‌ని వారానికో, రెండు వారాలకో 0.125 చొప్పున దించాలి. 0.75 నుంచి సున్నాకి ఆరు మెట్లు. కిందికి వచ్చేకొద్దీ మెట్టు బరువెక్కుతుంది. ఆఖరి 0.125 ఆపిన తర్వాతి వారం పది రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండకపోవచ్చు. ఆ వారంలో పెళ్ళిళ్ళు, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ ప్రయాణాలు పెట్టుకోకండి. దిగులు, ఆందోళన ఎక్కువైతే అది కూడా మందు మానడం వల్లే కావచ్చు, డాక్టరుకి చెప్పండి. అప్పుడు పాత మాత్రకి తిరిగి వెళ్తే ఆరు మెట్లూ మళ్ళీ దిగాలి.

మొదటి రోజుల్లో వికారం సహజం. ఇక్కడే ఒక గుంట ఉంది. వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజీన్ (పెరినార్మ్, స్టెమెటిల్) ఇస్తే కాళ్ళ పీకుడు విజృంభిస్తుంది. అది చూసి కొత్త మందు పనిచేయలేదనుకుని డోసు పెంచుతారు. వాంతుల మాత్ర కావాలంటే ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటిది అడగండి. మెథడోన్ మీద ఉంటే అది కూడా గుండె లయని తాకుతుంది కాబట్టి, ఈసీజీ చూసే డాక్టరుని అడిగాకే. వికారం వారంలో పోతుంది గానీ మలబద్ధకం పోదు. మొదటి రోజు నుంచే దానికి మందు ఉండాలి: రాత్రి బిసాకోడిల్ 5–10 మి.గ్రా. లేదా లాక్టులోజ్ 15–30 మి.లీ. ఒట్టి ఇసాబ్‌గోల్‌ని నమ్ముకుంటే, నీళ్ళు సరిగా తాగనివాళ్ళకి ఇంకా బిగుసుకుపోతుంది.

గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించే అలవాటు అమ్మగారికి ఉంటే ముందే నిద్ర పరీక్ష చేయించండి. ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్ వంటి నిద్రమాత్రలు, మద్యం దీంతో కలవకూడదు. నరాల నొప్పికీ, ఈ జబ్బుకీ ఇచ్చే ప్రీగాబలిన్ కూడా వాడుతుంటే డోసులు మెల్లగా పెంచాలి. ఎంత కుదిపినా లేవకపోయినా, ఊపిరి నిమిషానికి పదికి తగ్గినా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు పేరు నలోక్సోన్. ఏ మందు వాడుతున్నారో చీటీ చేతిలో పెట్టుకుని వెళ్ళండి.

ప్రశ్న: స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. కాళ్ళ పీకుడికి రెండేళ్ళుగా ట్రమడాల్–పారాసిటమాల్ మాత్రలు రోజుకి నాలుగు వేస్తున్నాను. ఒకటి ఆలస్యమైనా కాళ్ళు ఆగవు. ఇన్నాళ్ళూ ఇచ్చిన మెడికల్ షాపు ఇప్పుడు చీటీ లేనిదే ఇవ్వనంటోంది. ఆందోళనకి ఎసిటలోప్రామ్ కూడా వాడుతున్నాను.
– గాజువాక

సమాధానం: షాపువాడు ఇప్పుడు చేస్తున్నదే సరైన పని. 2018 ఏప్రిల్ నుంచి ట్రమడాల్ ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల నియంత్రణ చట్టం కిందికి వచ్చింది. షెడ్యూల్ హెచ్‌1 (చీటీ మీదే అమ్మాల్సిన జాబితా) మందు కూడా కాబట్టి, రోగి పేరు, డాక్టరు పేరు, ఇచ్చిన పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి.

ఒక్కో మాత్రలో సాధారణంగా ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 ఉంటాయి. నాలుగంటే ట్రమడాల్ 150 మి.గ్రా. పరిమాణం హద్దులోనే ఉంది. చిక్కు వేరే చోట ఉంది. నల్లమందు జాతిలో ఆగ్మెంటేషన్ తెస్తుందని తెలిసినది ట్రమడాలే. దానికి తోడు మీది తక్కువసేపు పనిచేసే మాత్ర. రెండు డోసుల మధ్య మందు దిగిపోయినప్పుడల్లా కాళ్ళు లేస్తాయి. షిఫ్టు మారినప్పుడు డోసు వేళ కూడా మారుతుంది కదా, అదీ ఒక కారణమే.

ఎసిటలోప్రామ్‌తో కలిస్తే ఫిట్స్, మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం ఎక్కువై వణుకు, జ్వరం, తికమక రావచ్చు. పైగా ఎసిటలోప్రామ్ కాళ్ళ పీకుడిని తనంతట తానే పెంచగలదు. న్యూరాలజిస్టు, సైకియాట్రిస్టు ఇద్దరికీ రెండు మందుల పేర్లూ చెప్పండి. దిగులుకి వాడే బుప్రోపియాన్ కాళ్ళ పీకుడిని పెంచని మందే, కానీ అదీ ఫిట్స్ తెస్తుంది. ట్రమడాల్ పూర్తిగా మానేదాకా దాని మాట ఎత్తకూడదు. ట్రమడాల్ తగ్గించడం రెండు వారాలకి ఒక మాత్ర చొప్పున, ముందు ఐరన్ చూసుకుని, డాక్టరు ప్రీగాబలిన్ వంటిది నిలబెట్టాక. ఫర్నేస్ దగ్గర, క్రేన్ మీద పనైతే డోసు మార్చిన ప్రతిసారీ నాలుగైదు రోజులు ఆ పని తప్పించుకోండి.

ప్రశ్న: మా నాన్నకి కిడ్నీలు పాడై విశాఖలో వారానికి మూడుసార్లు డయాలసిస్. నాలుగు గంటలు కుర్చీలో కాళ్ళు నిలపలేక మధ్యలోనే లేచిపోతున్నారు. ఈ మందులు ఆయనకి ఇవ్వొచ్చా?
– ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: మార్ఫిన్, కోడీన్ వద్దు. వాటి అవశేషాలు కిడ్నీ ద్వారానే పోవాలి, పోక పేరుకుంటే మత్తు దిగదు. ట్రమడాల్ కూడా బాగా తగ్గించాలి. ఈ వర్గంలో కిడ్నీ రోగులకి మేలైనది బ్యూప్రెనార్ఫిన్. అంతకన్నా ముందు డయాలసిస్ అయ్యాక గాబాపెంటిన్ 100 మి.గ్రా. ప్రయత్నిస్తారు. కిడ్నీలు పనిచేసేవాళ్ళ డోసు ఇస్తే తూలి పడిపోతారు, రోజుల తరబడి నిద్రమత్తు. ఐరన్‌ని డయాలసిస్ గొట్టం ద్వారానే ఎక్కించొచ్చు, ఫెరిటిన్ హద్దులు మాత్రం వీళ్ళకి వేరు, నెఫ్రాలజిస్టే తేల్చాలి. బాధ సాయంత్రం ఎక్కువ కాబట్టి ఉదయం బ్యాచ్‌కి మార్చమని అడగండి. మందు లేకుండానే కొంత ఊరట దక్కొచ్చు.

ప్రశ్న: మెథడోన్ రాశారు. జగదాంబ చుట్టుపక్కల ఒక్క షాపులోనూ లేదు. బదులుగా చర్మానికి అతికించే బ్యూప్రెనార్ఫిన్ పట్టీ వాడొచ్చా? విశాఖ ఉక్కపోతకి నిలుస్తుందా?
– సీతమ్మధార

సమాధానం: షాపుల్లో దొరకదు. మెథడోన్, మార్ఫిన్, ఆక్సీకోడోన్ వంటివి గుర్తింపు పొందిన వైద్యసంస్థల్లోనే ఇస్తారు, ఎక్కువగా కాన్సర్ నొప్పి, పాలియేటివ్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే) విభాగాల్లో. మెథడోన్ అయితే మొదలుపెట్టే ముందు, పెంచాక ఈసీజీ తప్పనిసరి.

పట్టీ గంటకి 5 మైక్రోగ్రాములది మొదట వాడతారు, ఏడు రోజులకోసారి మార్చాలి. మన ఊరి చెమటకి అంచులు లేస్తాయి. అతికించే చోట ఒట్టి నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. సబ్బు, నూనె, పౌడరు వద్దు. భుజం పైభాగం, ఛాతీ, వీపు మీద వెంట్రుకలు లేని చోటు చూసి 30 సెకన్లు అరచేత్తో నొక్కండి. అంచు లేస్తే చర్మానికి వేసే టేపు అంటించండి. అదే చోట మళ్ళీ మూడు వారాల దాకా వేయకూడదు. వేడినీళ్ళ బ్యాగు పట్టీ మీద పెట్టకండి, ఎండలో ఎక్కువసేపు ఉండకండి: వేడికి మందు ఎక్కువగా ఒంట్లోకి దిగుతుంది. జ్వరం వచ్చినా అంతే. తీసేసిన పట్టీలో ఇంకా మందు ఉంటుంది. జిగురు లోపలికి వచ్చేలా మడిచి, పిల్లలకి అందకుండా పారేయండి.

ప్రశ్న: దురదకి రాత్రి అవిల్ వేసుకుంటే ఆ రాత్రంతా కాళ్ళు ఆడుతున్నాయి. నా భ్రమా?
– భీమిలి

సమాధానం: భ్రమ కాదు. మత్తు తెచ్చే పాతకాలం అలర్జీ మాత్రలు, జలుబు సిరప్‌లు చాలావాటికి ఈ గుణం ఉంది. ఫెక్సోఫెనడీన్ అడగండి.