వంకను పూడ్చేస్తుంటే కోర్టుకు వెళ్లొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మా ఇల్లు తిరుపతి శివారులో ఉంది. 2021 నవంబరు వరదలో మా వీధంతా మునిగింది. కొండ నీళ్లు దిగే వంకను ఇప్పుడు మట్టి తోలి పూడుస్తున్నారు, లేఅవుట్ వేస్తారట. అడిగితే పట్టా భూమి అంటున్నారు. వానలు మునుపటిలా లేవు, కురిస్తే ఒక్కసారే కుమ్మేస్తున్నాయి. మబ్బు పడితే చాలు, ఇంట్లో అందరికీ టెన్షన్. మాకు కోర్టుకు వెళ్లే హక్కు ఉందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఉందమ్మా. పైగా మీ ఊరి చెరువుల మీదే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. పేరూరు, అవిలాల చెరువుల భూమిని ఇళ్ల నిర్మాణానికి ఇచ్చినప్పుడు తిరుపతికే చెందిన ఇంటెలెక్చువల్స్ ఫోరం అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడినా వదల్లేదు. చెరువుల వంటి వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ కొత్త కట్టడాలు వద్దంది. పేరూరు చెరువుకు నీళ్లు తెచ్చే వంకను శుభ్రం చేసి, మళ్లీ పారేలా చూడమని కూడా ఆదేశించింది. మీకు అక్కరకొచ్చే మాట ఇదే. చెరువుకు ఎంత రక్షణ ఉందో, దాని వంకకూ అంత రక్షణ ఉండాలి. శేషాచలం మీద పడిన వాన గంటల్లో ఊళ్లోకి దిగుతుంది. వంక మూస్తే అది స్వర్ణముఖి దాకా పోదు, మీ గడపలోకి వస్తుంది.

వాతావరణ మార్పుల చెడు ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగం 14, 21 అధికరణాల్లో ఉందని 2024లో ఎం.కె. రంజిత్‌సింహ్ కేసులో సుప్రీంకోర్టు గుర్తించింది. పిటిషన్‌లో దీన్ని తప్పక రాయించండి, కానీ దీని మీదే ఆధారపడొద్దు. ఏ సర్వే నంబరు, ఎవరు పూడ్చారు, ఏ అధికారి ఊరుకున్నారు అని జడ్జి గారు అడుగుతారు. వీటికి జవాబు లేకపోతే ఎంత గొప్ప హక్కయినా గట్టిగా నిలబడదు.

కాబట్టి ముందు కాగితాలు. గ్రామ పటం, ఆ సర్వే నంబరు ఎఫ్.ఎం.బి. (కొలతలతో ఉన్న పొలం పటం), ఏ భూమి ఏ రకమో రాసిన పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ నకలు, లేఅవుట్‌కు అనుమతి ఉంటే దాని కాపీ సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. రికార్డులో 'వంక పోరంబోకు', అంటే వంక కోసం ఉంచిన ప్రభుత్వ భూమి అని ఉంటే, 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద తహసీల్దారే నోటీసిచ్చి తొలగించగలరు. నిజంగా పట్టాలోనే ఉన్నా, సహజంగా పారే వంకను మూసి పక్కవాళ్ల మీదకు నీళ్లు మళ్లించే హక్కు పట్టాతో రాదు. అప్పుడు సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే పని ఆపమనే ఉత్తర్వు అడగొచ్చు.

ఒక మాట కటువుగా ఉన్నా చెప్పాలి. మీ సొంత స్థలం సర్వే నంబరు కూడా ఇప్పుడే చూసుకోండి. తిరుపతిలో చెరువు భూముల్లో వెలిసిన కాలనీలున్నాయి. మీ ప్లాటే పటంలో చెరువు భూమిగా ఉంటే ప్రతివాది లాయరు మొదట దాన్నే పట్టుకుంటాడు. అలా ఉంటే కేసు వేసేముందే దగ్గర్లోని లాయరుకు దాచకుండా చెప్పండి.

సమాచార హక్కు జవాబు కోసం ఆగకుండా తహసీల్దారుకు, మున్సిపల్ కమిషనరుకు, జలవనరుల శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లోనూ ఇచ్చి రసీదు తీసుకోండి. తేదీ పడేలా ఫొటోలు తీయండి. టిప్పర్లకు అడ్డం నిలబడి గొడవ పడొద్దు, కేసు మీ మీదకే తిరుగుతుంది.

అధికారులు కదలకపోతే రెండు దారులు: హైకోర్టులో రిట్ (అధికారులు తమ పని చేసేలా ఆదేశించమనే పిటిషన్), లేదా పర్యావరణ కేసులు వినే, చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్. ట్రిబ్యునల్‌లో గడువు ఆరు నెలలే. సరైన కారణం చూపిస్తే మరో 60 రోజులు, అంతకు మించి ఒక్క రోజు కూడా ఇవ్వరు. మీరు ఫిర్యాదు చేసిన రోజు నుంచి కాదు, దావాకు కారణం మొదట తలెత్తిన రోజు నుంచి లెక్క. అంటే మీ విషయంలో మట్టి తోలడం మొదలైన రోజని అనుకోవాలి. ఆ తేదీ ఇవాళే రాసిపెట్టుకోండి.