మా చిన్న విమానం సెస్నా 172లో కొత్త రేడియో పెట్టించాక, తూర్పుకి తిరిగితే కంపాస్ 15 డిగ్రీలు తప్పు చూపిస్తోంది. స్వింగ్ (విమానాన్ని ఒక్కో దిక్కుకీ తిప్పి కంపాస్‌ని సరిచేయడం) చేయిస్తే సరిపోతుందా?

తూర్పుకి తిరిగితే 15 డిగ్రీలు తేడా వస్తోందన్నారు కదా. స్వింగ్ ఎలాగూ తప్పదు. కానీ ముందు కంపాస్ చుట్టుపక్కల ఏం మారిందో చూడండి. అది చూడకే మేం ఒక పొద్దంతా పోగొట్టుకున్నాం.

టెక్సాస్‌లో ఓ చిన్న ఎయిర్‌పోర్ట్‌లో నలుగురం కలిసి కొనుక్కున్న పాత సెస్నా 172 మాది. హ్యాంగర్లకి దూరంగా నేలమీద కంపాస్ రోజ్, అంటే దిక్కుల గీతలున్న వృత్తం, వేసి ఉంటుంది. (ఇక్కడ చాలా ఎయిర్‌పోర్టుల్లో ఇవి నైంటీ-నైన్స్ అనే మహిళా పైలట్ల సంఘం వాళ్లు స్వయంగా రంగు డబ్బాలు పట్టుకుని వేసినవే.) గాలి లేవకముందే నేనూ మెకానిక్కూ విమానాన్ని అక్కడికి తీసుకెళ్లాం. ఇంజిన్, రేడియోలు అన్నీ ఆన్‌లోనే ఉంచాలి, గాల్లో ఎలా ఉంటాయో అలా. ఉత్తరం గీత మీద బాగానే కుదిరింది. తూర్పుకి తిప్పాక కంపాస్‌ని సరిచేసే స్క్రూ చివరికంటా వెళ్లిపోయింది, తేడా మాత్రం ఇంకా మిగిలే ఉంది.

ఇంజిన్ ఆపి, మా అబ్బాయి స్కౌట్ కంపాస్ తెచ్చి డ్యాష్ పైన మెల్లగా జరుపుతూ పోయాను. ఒకచోట ముల్లు గిర్రున తిరిగింది. కంపాస్‌కి బెత్తెడు దూరంలో ఇనప స్క్రూ! రేడియో పెట్టినాయన పాత ఇత్తడిది ఎక్కడో పారేసి చేతికి దొరికింది బిగించేశాడు.

అది మార్చి మళ్లీ మొదలెట్టాం. ఉత్తరంలోనూ తూర్పులోనూ తేడా పూర్తిగా తీసేయాలి. దక్షిణంలో, పడమరలో మాత్రం కనిపించిన దాంట్లో సగమే తీయాలి, మిగతా సగం ఎదుటి దిక్కుకి పంచినట్టు. అత్యాశకి పోయి మొత్తం తీసేస్తే ఉత్తరం చెడుతుంది. స్క్రూడ్రైవర్ ఇత్తడిదే వాడాలి. మామూలుది దగ్గరికి తెస్తే చాలు, కంపాస్ లోపల దిక్కులు రాసి ఉన్న చక్రం దాని వెంటే తిరుగుతుంది.

ఆ తర్వాత ప్రతి 30 డిగ్రీలకీ ఆగి, కంపాస్ దగ్గర పెట్టే తేడాల కార్డు మీద 12 రీడింగులు రాసుకున్నాం. తేడా ఎక్కడా 10 డిగ్రీలు దాటకూడదు. మాకు ఎక్కువలో ఎక్కువ 4 వచ్చింది. రేడియోలు ఆన్‌లో ఉండగా తీసినవని కార్డు మీదే రాయాలి, మెకానిక్ లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి.

అన్నట్టు, మీ ఫోన్ హోల్డర్ అయస్కాంతంతో అంటుకునే రకమా? అయితే ముందు అది పీకి చూడండి.