బోర్డులో వాయుసేనాధిపతి గురించి అడిగితే

సైనిక్‌పురి, హైదరాబాద్

చిరంజీవి శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

మైసూరులో వాయుసేన ఆఫీసర్ల ఎంపిక బోర్డు ఇంటర్వ్యూ కోసం రాసి పంపిన జవాబులు చదివానమ్మా. "వాయుసేనాధిపతి ఏం చేస్తారు?" అన్నదానికి "వాయుసేనను నడిపిస్తారు, దేశాన్ని కాపాడతారు" అని రాశావు. ఆ మాట నోట్లో ఉండగానే "ఎలా?" అని అడుగుతారు. దానికి సిద్ధంగా ఉండాలి.

ముందు ర్యాంకునూ పదవినీ కలపకు. ఎయిర్ చీఫ్ మార్షల్ ర్యాంకు, చీఫ్ ఆఫ్ ది ఎయిర్ స్టాఫ్ పదవి. దుండిగల్ వాయుసేన అకాడమీ పరేడ్‌కు వెళ్తే యూనిఫామ్ మీది పట్టీలు లెక్కపెట్టు. ఒక వెడల్పు పట్టీ, దాని మీద మూడు సన్నవి ఉంటే చీఫ్. సన్నవి రెండే ఉంటే ఎయిర్ మార్షల్.

1955 దాకా సేనాధిపతులను కమాండర్ ఇన్ చీఫ్ అనేవారు. ఆ ఏడాది చట్టం చేసి ఆ పేరు తీసేశారు. సర్వసైన్యాధ్యక్షులు రాష్ట్రపతి కాబట్టి, వీళ్ళు చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయ్యారు. అలాగని మన చీఫ్ ఒట్టి సలహాదారు అనుకోకు. ప్రభుత్వానికి సలహా చెప్పేదీ, దళానికి ఆదేశాలిచ్చేదీ ఆయనే. అమెరికాలో చీఫ్‌లు దళాన్ని సిద్ధం చేసి ఇస్తారు, యుద్ధంలో నడిపేది వేరే కమాండర్లు. ఈ తేడా తప్పకుండా అడుగుతారు.

ఇక అధికారం ఎక్కడ ఆగిపోతుందో చూడు. నీ జవాబులో ఇదే లేదు. ఒక ఎయిర్‌మన్‌ను, అంటే ఆఫీసరు కాని ఉద్యోగిని, సర్వీసు నుంచి తొలగించే అధికారం వాయుసేన చట్టం చీఫ్‌కు ఇచ్చింది. కానీ మొన్ననే దుండిగల్‌లో పాసైన ఫ్లయింగ్ ఆఫీసర్‌ను అలా తొలగించాలంటే కేంద్ర ప్రభుత్వమే చెయ్యాలి. ఆఫీసరుకు కమిషన్ ఇచ్చేది రాష్ట్రపతి మరి. కోర్టు మార్షల్, అంటే సైనిక న్యాయస్థానం విచారణ, దారి వేరు, దీనితో ముడిపెట్టకు.

విమానాల కొనుగోలూ అంతే. ఎంత దూరం ఎగరాలి, ఎంత బరువు మొయ్యాలి అన్నది వాయుసేన ప్రధాన కార్యాలయం రాసిస్తుంది. ఆ అవసరాన్ని ఆమోదించేది రక్షణమంత్రి అధ్యక్షతన ఉండే డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్, చీఫ్ అందులో ఒక సభ్యుడు. ఆ తర్వాత టెండరు, పరీక్షలు, ధర బేరం. పెద్ద మొత్తమైతే ప్రధాని అధ్యక్షతన ఉన్న మంత్రివర్గ సంఘం దాకా వెళ్ళాలి. చీఫ్ పదవి మూడేళ్ళు, లేదా 62 ఏళ్ళు నిండేదాకా, ఏది ముందైతే అది. మరి 126 యుద్ధవిమానాలకు 2007లో టెండరు పిలిస్తే, ఆ ప్రయత్నం ఆగిపోయి, చివరికి 2016లో 36 ఫ్రెంచ్ రఫేల్ యుద్ధవిమానాలకు ఒప్పందం కుదిరింది. మొదటి ఐదు అంబాలాలో దిగింది 2020 జులైలో. ఈ లోపు ఎందరు చీఫ్‌లు మారి ఉంటారో లెక్కేసుకో. తన హయాంలో రాని విమానం కోసం ఇప్పుడు పట్టుబట్టి వాదించడం ఈ పదవిలో అన్నిటికన్నా బరువైన పని అని నా నమ్మకం. బోర్డులో ఈ ఒక్క ఉదాహరణ కుదురుగా చెప్పు చాలు.

సీడీఎస్, అంటే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్, పదవి 2020 జనవరి 1న మొదలైంది. ఆయన మూడు దళాలను సమన్వయం చేస్తారు, ముగ్గురు చీఫ్‌ల మీద ఆయనకు కమాండ్ లేదు. "చీఫ్‌లకు బాస్" అని నోరు జారకు.

మన ఊరు చూసి ఇద్రిస్ హసన్ లతీఫ్ గురించి అడగొచ్చు. హైదరాబాదులో పుట్టినవారు, 1978 నుంచి 1981 దాకా వాయుసేనాధిపతి. జాగ్వార్ యుద్ధవిమానాలు వచ్చింది ఆయన హయాంలోనే. సైన్యం వైపు అడిగితే మన తెలుగువారే జనరల్ కె.వి. కృష్ణారావు, 1981 నుంచి 1983 దాకా సైన్యాధిపతి. ఇప్పటి చీఫ్ ఎవరో మాత్రం రైలెక్కే ముందు రోజు చూసుకో, పాత గైడు పుస్తకాన్ని నమ్మకు.

వాయుసేనలో కమాండ్లు, అంటే పెద్ద విభాగాలు, ఏడు. వాటి కేంద్రాలు ఇవి. పశ్చిమ ఢిల్లీ, తూర్పు షిల్లాంగ్, మధ్య ప్రయాగ్‌రాజ్, నైరుతి గాంధీనగర్, దక్షిణ తిరువనంతపురం, ట్రైనింగ్ బెంగళూరు, మెయింటెనెన్స్ నాగపూర్. దుండిగల్ అకాడమీ బెంగళూరు ట్రైనింగ్ కమాండ్ కింద ఉంటుంది, ఆ కమాండ్ వాయుసేనాధిపతి కింద. ఆదివారం ఫోన్ చేసి ఇవన్నీ కాగితం చూడకుండా అప్పజెప్పు. పెద్దమ్మ కూడా వింటానంటోంది.

ఇట్లు,
పెదనాన్న