మేసన్ అంటే తాపీ మేస్త్రియేనా?

సందేహం: మా అబ్బాయి కుటుంబం టెక్సస్‌లో ఉంటోంది. ఈ మధ్య వెళ్లి నాలుగు నెలలు ఉండి వచ్చాను. మనవరాలి తరగతిలో పిల్లల పేర్లు మేసన్, హార్పర్, మ్యాడిసన్, జేడెన్, నెవేయా. వీటికి అర్థాలు ఏమిటని అడిగితే కోడలు రెండు పేర్ల పుస్తకాలు చేతిలో పెట్టింది. ఒకదానిలో ఉన్న అర్థం రెండోదానిలో లేదు. ఫోనులో మా చెల్లెలితో ‘మేసన్ అంటే తాపీ మేస్త్రి’ అన్నాను. కోడలు విని, ‘అలా అనకూడదు అత్తయ్యా, అది పిల్లవాడి పేరు’ అంది. ఎవరి మాట ఒప్పు? పుట్టబోయే బిడ్డ మగపిల్లవాడైతే రెండు దేశాలకూ నప్పేలా కీరన్ అని పెడతారట. అది మన కిరణేనా? ఈ పేర్లను తెలుగులో ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీరు చెప్పిన సంగతి నిజమే. అయినా నేను మీ కోడలి పక్షమే. చిక్కంతా ‘అంటే’ అన్న మాటలో ఉంది.

తెలుగులో ‘అంటే’ రెండు పనులు చేస్తుంది. ‘తరువు అంటే చెట్టు’ అన్నప్పుడు మాటకు అర్థం చెబుతున్నాం. ‘మేసన్ అంటే మా మనవరాలి పక్కన కూర్చునే అబ్బాయి’ అన్నప్పుడు మనిషిని గుర్తుపట్టిస్తున్నాం. మనిషిని చూపవలసిన చోట మీరు మాటకు అర్థం చెప్పారు. అందుకే వినేవారికి ఆ పిల్లవాణ్ణి తాపీ మేస్త్రి అన్నట్టు తోచింది. ‘మేసన్ అనే మాటకు తాపీ మేస్త్రి అని అర్థం’ అంటే పేచీ లేదు. ‘మేసన్ అనే పేరు తాపీ పని నుంచి వచ్చింది’ అంటే ఇంకా బాగుంటుంది. పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేది వ్యుత్పత్తి. అదే పేరుకు అర్థం అనుకోకూడదు. పేర్ల పుస్తకాలు ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయడం వల్లే మీకు ఇంత గందరగోళం కలిగింది.

మనవాళ్లు ఈ విషయం చాలా లోతుగా ఆలోచించారు. పతంజలి తన సంస్కృత వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో మాటలను జాతిశబ్దాలు, గుణశబ్దాలు, క్రియాశబ్దాలు, యదృచ్ఛాశబ్దాలు అని నాలుగు తీరులుగా చెప్పాడు. ఆవు జాతిశబ్దం, తెలుపు గుణశబ్దం. ఏ జాతినీ గుణాన్నీ పనినీ చూడకుండా, పెట్టేవారి ఇష్టాన్ని బట్టి ఒక వ్యక్తికి పెట్టినది యదృచ్ఛాశబ్దం. శాస్త్ర గ్రంథాలు దీనికి ఇచ్చే ఉదాహరణలు డిత్థుడు, డవిత్థుడు. ఇవి కేవలం పేర్లు. లోపల అర్థం వెతకవద్దని చెప్పడానికే వాటిని ఎన్నుకున్నారు. అయినా తరువాతి వారు ఊరుకోలేదు. డిత్థుడంటే కొయ్య ఏనుగు, డవిత్థుడంటే కొయ్య జింక అని అర్థాలు కట్టారు! అర్థం లేని పేరు కనబడితే దానికి ఒక అర్థం తగిలించే దాకా మనిషికి నిద్ర పట్టదు. మీ కోడలి దగ్గరున్న పుస్తకాలు చేసిన పనీ అదే.

అమెరికాలో అర్థం చూసి మరీ పేర్లు పెట్టిన కాలం ఒకటి ఉంది. 1620లో మేఫ్లవర్ ఓడలో ఇంగ్లండు నుంచి వలస వెళ్లిన వారిలో లవ్, రెజ్లింగ్ అనే అన్నదమ్ములు ఉన్నారు. ఒకరి పేరు ప్రేమ, మరొకరి పేరు పెనుగులాట. హ్యుమిలిటీ అనే చిన్నపిల్ల ఉంది, అంటే వినయం. రిమెంబర్ అనే ఇంకో అమ్మాయి ఉంది, అంటే గుర్తుంచుకో. నడిసముద్రంలో పుట్టిన బిడ్డకు ఓషియానస్ అని పెట్టారు. ఓడ అవతలి తీరం చేరి లంగరు వేశాక పుట్టినవాడికి పెరిగ్రిన్ అని పెట్టారు, అంటే యాత్రికుడు. ఇలా పుట్టుకకూ పేరుకూ పొంతన కుదిరినప్పుడు ‘అన్వర్థ నామం’ అంటాం. ‘సార్థక నామధేయుడు’ అనేది వేరు. పేరుకు తగ్గట్టు బతికి చూపినవాణ్ణి అలా అంటాం. ఓషియానస్‌ది పుట్టిన నాటికే అన్వర్థ నామం. పెరిగ్రిన్ సార్థక నామధేయుడు కావాలంటే పెద్దయ్యాక దేశాలు తిరగాలి. పత్రికల్లో ఈ రెంటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు. చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

ఇక మేసన్. ఇంగ్లండులో ఇది మొదట ఇంటిపేరు. రాళ్లు చెక్కి గోడలు కట్టేవాడి కుటుంబానికి ఆ పేరు నిలిచిపోయింది. కార్టర్ బండి తోలేవాడు, కూపర్ పీపాలు చేసేవాడు, టైలర్ (బట్టలు కుట్టే టైలర్ కాదు) పెంకులు పరిచేవాడు, సాయర్ రంపంతో దుంగలు కోసేవాడు, ఫ్లెచర్ బాణాలు తయారుచేసేవాడు, చాండ్లర్ కొవ్వొత్తులు పోసి అమ్మేవాడు. హార్పర్ అంటే హార్ప్ అనే తంత్రీవాద్యం వాయించేవాడు. ఇది మనకు కొత్త కాదు. పండితుడు తాపీ ధర్మారావుగారి ఇంటిపేరు కూడా తాపీ పనిలో ఆరితేరిన పూర్వీకుడి వల్ల వచ్చిందని చెబుతారు. తాపీ, మేసన్ రెండూ ఒకే వృత్తి వల్ల వచ్చిన ఇంటిపేర్లు. ఆయన పేరు వినగానే ఎవరికీ సున్నం, ఇటుక గుర్తుకు రావు. మేసన్ అని పిలిచినప్పుడు ఆ తరగతిలోని పిల్లలకూ అంతే.

ఇంటిపేరు పిల్లవాడి పేరు ఎలా అయింది? అమెరికాలో, ముఖ్యంగా దక్షిణ రాష్ట్రాల్లో, తల్లి పుట్టింటివారి ఇంటిపేరును బిడ్డకు పెట్టే ఆచారం ఉండేది. మనం తాత పేరు మనవడికి పెట్టినట్టే, అక్కడ పుట్టింటి గుర్తు బిడ్డ పేరులో నిలిచేది. దానికి తోడు గొప్పవారి ఇంటిపేర్లు వచ్చి చేరాయి. వాషింగ్టన్, జెఫర్సన్, లింకన్ అలా పేర్లయ్యాయి. 1783లో పుట్టిన రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్‌కు ఆ పేరు స్వాతంత్ర్య సేనాని వల్లనే వచ్చింది. మన ఊళ్లలో ఎందరు గాంధీలు, నెహ్రూలు, బోసులు లేరు? అవన్నీ ఇంటిపేర్లే. గాంధీ కూడా సరకులమ్మే వృత్తి వల్ల వచ్చిన గుజరాతీ ఇంటిపేరే. కానీ మన గాంధీకి ఆ పేరు పెట్టిన తండ్రి మనసులో ఉన్నది మహాత్ముడే తప్ప కిరాణా కొట్టు కాదు. వ్యుత్పత్తికీ అర్థానికీ ఉన్న దూరం ఇక్కడ తేటగా కనబడుతుంది.

మ్యాడిసన్ సంగతి ఇంకా విచిత్రం. చివరనున్న ‘సన్’ అంటే కొడుకు. మాడ్ అనే ఆమె కొడుకు అని ఆ ఇంటిపేరుకు సాధారణంగా చెప్పే వివరణ. దేశ నాలుగో అధ్యక్షుడి ఇంటిపేరు అది. న్యూయార్కులో ఒక వీధికి ఆ పేరుంది. 1984లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రంలో మత్స్యకన్య ఆ వీధి పలకను చూసి తన పేరు మ్యాడిసన్ అని చెబుతుంది. ఆ పేరా అని కథలోని మనుషులే ఆశ్చర్యపోతారు. 2001 నాటికి అమెరికాలో ఆడపిల్లల పేర్లలో అది రెండో స్థానానికి చేరింది. కొడుకు అని ఉన్న పేరు కూతుళ్లకు ఇంత ముద్దైన పేరు కావడం చూస్తే, జనం పేరును చెవితో ఎన్నుకుంటారే తప్ప నిఘంటువుతో కాదని తెలుస్తుంది. ఇంకో మాట. ఆలిసన్‌లో కూడా ‘సన్’ వినిపిస్తుంది గాని అది కొడుకు కాదు. ఆలిస్ అనే పేరుకు ఫ్రెంచివారు చేసుకున్న ముద్దురూపం అది. చివరి అక్షరాలు చూసి అర్థం చెబితే ఇలాంటి చోట బోల్తా పడతాం.

పేర్ల పుస్తకాలు అలాగే బోల్తా పడతాయి. బ్రూక్లిన్ అనే పేరుకు ‘చిన్న వాగు’ అని రాస్తారు, ఇంగ్లీషులో వాగును బ్రూక్ అంటారు గనక. నిజానికి డచ్చివారు తమ దేశంలోని బ్రాయ్‌కెలెన్ అనే ఊరి పేరును 17వ శతాబ్దంలో న్యూయార్కు ప్రాంతానికి తీసుకువెళ్లారు. వెనెస్సా అనే పేరుకు ‘సీతాకోకచిలుక’ అని ఇస్తారు. ఆ పేరును కల్పించింది గలివర్ యాత్రలు రాసిన జోనాథన్ స్విఫ్ట్. తనకు ఆప్తురాలైన ఒక స్త్రీ ఇంటిపేరులోని మొదటి భాగాన్నీ, పేరులోని మొదటి అక్షరాలనీ అతికించి ఆమెను అలా పిలిచాడు. ఆ పేరుతో ఆమె మీద రాసిన కవిత 1726లో అచ్చయింది. ఒక జాతి సీతాకోకచిలుకలకు శాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ వెనెస్సా అని పేరు పెట్టింది 1807లో. చిలుక పేరు మనిషికి రాలేదు, మనిషి పేరే చిలుకకు వెళ్లింది. పుస్తకం ఏ అర్థం చెప్పినా, అది ఏ భాషలోని ఏ మాట, ఎప్పటిది అని అడగండి. ఆ వివరం లేకపోతే ఆ అర్థాన్ని పక్కన పెట్టండి.

జేడెన్ మాత్రం అచ్చమైన డిత్థుడు. ఏడన్ అనే ఐరిష్ పేరు ఉంది. ఆ భాషలో నిప్పుకు ఉన్న మాట నుంచి వచ్చింది. మన అగ్ని లాంటిది. దానికి ప్రాస కుదిరేలా జేడెన్, కేడెన్, బ్రేడెన్ అని పేర్లు వరసకట్టాయి. 2010లో మగపిల్లల పేర్లలో జేడెన్‌ది నాలుగో స్థానం. ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. మన ఇళ్లలో జశ్విత, యశ్విత, తన్విత అని పేర్లు కడుతున్నదీ ప్రాసను బట్టే. సంస్కృత వ్యాకరణం వీటన్నింటినీ ఒప్పదు. అయినా ఆ పిల్లలు ఆ పేర్లతోనే పెరిగి పెద్దవుతారు. నల్లజాతి అమెరికన్లు 1960ల తరువాత లటోయా, డిషాన్, కీషా వంటి పేర్లను సొంతంగా కల్పించుకున్నారు. వారి పూర్వీకులను బానిసలుగా కొనుక్కున్న యజమానులు ఆ మనుషుల పేర్లను కూడా మార్చేశారు. అలాంటి చరిత్ర ఉన్నవారు తమ బిడ్డకు తామే కొత్త పేరు కట్టుకుంటే, దానికి నిఘంటువులో అర్థం లేదని కొట్టిపారేయడం అన్యాయం.

ఇక నెవేయా. మీరు తెనాలివారు గనక ఇది మీకు నచ్చుతుంది. ఇంగ్లీషులో స్వర్గానికి హెవెన్ అని పేరు. ఆ మాటలోని ఆరు అక్షరాలను చివరి నుంచి మొదటికి రాస్తే నెవేయా వస్తుంది. 2000లో ఒక రాక్ గాయకుడు టెలివిజన్‌లో తన కూతురి పేరు ఇదని చెప్పాడు. మరుసటి ఏడే అది అమెరికా ప్రభుత్వం ఏటా ప్రకటించే, ఎక్కువగా పెట్టిన వెయ్యి పేర్ల పట్టికలోకి వచ్చింది, 2005లో డెబ్భయ్యో స్థానానికి చేరింది. ‘వికటకవి’ని తిరగేసినా వికటకవే గదా. అయితే మన తిరగేత వేరు, వారి తిరగేత వేరు. మనం వి-క-ట-క-వి అని పలికే అక్షరాలను తిప్పుతాం, అది చెవికి తెలుస్తుంది. వారు రాసే గుర్తులను తిప్పారు, అది కంటికే తెలుస్తుంది. హెవెన్‌ను మన పద్ధతిలో తిప్పితే ‘న్వెహె’ అని ఏదో వస్తుంది గాని నెవేయా రాదు. అందుకే ఈ పేరును తెలుగు లిపిలో రాయగానే దానిలోని స్వర్గం మాయమవుతుంది. ఏ పుస్తకంలోనైనా దీనికి లాటిన్ మూలం, హీబ్రూ మూలం అని ఉంటే నమ్మకండి.

కీరన్ విషయం. ఇది మన కిరణ్ కాదు. కిరణం సంస్కృతంలో వెదజల్లడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది, వెదజల్లబడేది గనక కిరణం. కీరన్ ఐరిష్ పేరు. ఆ భాషలో ‘కియర్’ అంటే నల్లని. దానికి ముద్దు ప్రత్యయం చేరి నల్లనయ్య, చిన్ని కృష్ణుడు అన్నట్టు అయింది. ఆరో శతాబ్దంలో క్లాన్‌మక్‌నాయిస్ మఠాన్ని స్థాపించిన సాధువు పేరు ఇదే. ఒకవైపు వెలుగు, మరోవైపు నలుపు! ఇందులో దోషం ఉందని నేను అనుకోను. ‘నల్లనివాడు’ అని పోతన గోపికలు వెతికినవాడి పేరే కృష్ణుడు కదా. కాని రెండూ ఒకే పేరని మాత్రం అనకండి. తార, నీల్, షీలా కూడా ఇలాంటివే. ఐర్లండులో తారా అనే కొండ ఉంది, నక్షత్రంతో దానికి సంబంధం లేదు. నీల్ అక్కడి నియల్ అనే పేరు, మన నీలం కాదు. షీలా సిసీలియాకు ఐరిష్ రూపం. దాని లాటిన్ మూలానికి చూపులేని అని అర్థం, మన శీలంతో దానికి చుట్టరికం లేదు. వినడానికి ఒకలా ఉన్నంత మాత్రాన మాటలు బంధువులు కావు.

రాత గురించి. మూలంలో ఉన్న అక్షరాలను కాదు, అక్కడివారు పలికే ధ్వనిని రాయండి. మాసన్ కాదు మేసన్, నెవా కాదు నెవేయా. మాడిసన్ కంటే మ్యాడిసన్ మేలు. బ్యాంకు, ట్యాంకు అని రాసే అలవాటు మనకు ఎలాగూ ఉంది. జాక్ దగ్గర ఒక ఇబ్బంది ఉంది. అమెరికాలో రెండు వేర్వేరు పేర్లను మనం జాక్ అనే రాస్తున్నాం. ఒకదానిలో జిల్లాలోని జ పలుకుతుంది, మరొకదానిలో జడలోని జకు దగ్గరి ధ్వని పలుకుతుంది. ఆ రెండో ధ్వనికి మనకు ౙ అనే అక్షరం ఉంది. ఇద్దరు జాక్‌లు ఒకే ఇంటికి ఆడుకోవడానికి వస్తే ఒకరిని ౙాక్ అని రాసుకోండి, అక్షరానికి పని దొరుకుతుంది. బైబిల్‌లోని పేర్లకు మాత్రం మన భాషలో స్థిరపడిన రూపాలు వేరే ఉన్నాయి. నోవా మన బైబిల్‌లో నోవహు, జాన్ యోహాను, మైకేల్ మిఖాయేలు. జేకబ్, జేమ్స్ ఇద్దరూ యాకోబులే, రెండు పేర్ల మూలమూ ఒకటే గనక. గ్రంథం గురించి రాసేటప్పుడు ఆ రూపాలు, పక్కింటి అబ్బాయి గురించి రాసేటప్పుడు పలుకుబడిలోని రూపాలు వాడండి.

విభక్తి కూడా చూసుకోవాలి. ఇకారంతో ముగిసే పేరుకు ‘కి’, మిగిలిన వాటికి ‘కు’: ఎమిలీకి, ఒలీవియాకు, మేసన్‌కు. మీ కోడలు ఐరిష్ పేరే పెడితే ‘కీరన్‌కు’ అని దీర్ఘంతో రాయండి. వెలుగే ఆమె మనసులో ఉంటే కిరణ్ అనే పెట్టమనండి, పత్రాల్లో అక్షరాలు కూడా అలాగే రాయించమనండి. అమెరికాలోని బడిలో దాన్ని కీరన్ అని పిలిచినా, మీరు ఉత్తరం మీద ‘చిరంజీవి కిరణ్‌కు’ అనే రాయవచ్చు.