లిన్యీలో ఓడినా వావ్ర్ దారి పోగొట్టుకోకండి

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం 15 మిల్లీమీటర్ల బొమ్మలతో 1815 నాటి బెల్జియం దండయాత్ర ఆడుతున్నాం. ఎత్తులన్నీ మ్యాప్ మీద. సైన్యాలు ఎదురుపడ్డ చోట మాత్రం టేబుల్ మీద యుద్ధం. నేను ప్రష్యా సేనాపతి బ్లూషర్‌ని. లిన్యీ దగ్గర నెపోలియన్‌కి చిక్కాను. సెయింట్ అమాండ్ ఊరు పోయింది, ఆటలో సాయంత్రం ఆరయింది. ఆఖరి బొమ్మ దాకా నిలబడాలా, తప్పుకోవాలా? పడిపోయిన బొమ్మల్ని మర్నాటి లెక్కలోకి ఎలా తెచ్చుకోవాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చీకటి పడేదాకా లాగండి, తర్వాత తప్పుకోండి. ఎందుకంటే మీ సైన్యం మొత్తం ఆ టేబుల్ మీద లేదు. మీ సేనానుల్లో ఒకడైన బ్యూలో దగ్గర సుమారు 30,000 మంది ఉన్నారు, వాళ్లింకా దారిలోనే ఉన్నారు. ఒక్క బొమ్మ కూడా పోని కోర్ (సైన్యంలో పెద్ద విభాగం) అది. దాన్ని చూసుకుని ఆడండి.

జూన్ 16న జరిగిందీ ఇదే. పొద్దుగూకే వేళకి నెపోలియన్ మేటి దళమైన గార్డ్ లిన్యీ ఊరిని చీల్చుకుని వచ్చింది. బ్లూషర్ గుర్రం కూలి, ఆయన దాని కింద చిక్కుకుపోయాడు. అప్పుడు ఆయన కింది ముఖ్య అధికారి గ్నైజెనావ్ సైన్యాన్ని తూర్పున లీజ్ వైపు కాకుండా ఉత్తరాన వావ్ర్ ఊరి వైపు మళ్లించాడు. బ్రిటిష్ సేనాపతి వెల్లింగ్టన్‌తో పొత్తు నిలిచింది ఆ ఒక్క మలుపు వల్లే. 18న వాటర్లూ యుద్ధంలో సాయంత్రం ప్లాన్సెన్వా ఊరి మీద ముందుగా దిగింది బ్యూలో మనుషులే.

నష్టాల సంగతి. పడిన బొమ్మలన్నీ చచ్చిపోయినట్టు కాదు; చెదిరిపోయినవాళ్లు, తేలిక గాయాలవాళ్లు రాత్రికి జెండా దగ్గరకి చేరతారు. నేను అంపైర్‌గా ఉన్న ఆటల్లో మైదానం దక్కినవాడికి పోయినవాటిలో సగం, వెనక్కి తగ్గినవాడికి పావు వంతు తిరిగి ఇస్తాను. తరిమే అశ్వికదళం తాజాగా ఉంటే ఆ పావు కూడా ఇవ్వను. అందుకే మీ గుర్రపు రౌతుల్ని ఇప్పుడు ఊళ్ల మీదకి తోలి అరగదీయకండి, రాత్రికి మీ వెనక కాపలాకి వాళ్లే దిక్కు.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి, ఈ యుద్ధానికి ప్రాణం అదే. ఫ్రెంచి సేనాని ద'ఎర్లాన్ దగ్గర దాదాపు 20,000 మంది ఉన్నారు. ఆ రోజు ఇంకో యుద్ధం జరుగుతున్న క్వాత్ర్ బ్రాకీ లిన్యీకీ మధ్య తిరిగి తిరిగి ఎక్కడా తుపాకీ పేల్చలేదనే చెప్పాలి. పైగా వాళ్లు కనబడేసరికి శత్రువులేమోనని ఫ్రెంచివాళ్లే కంగారుపడ్డారు, గార్డ్ దాడి ఆగిపోయింది. దీన్ని టేబుల్ మీదకి తేవాలంటే మీ అంపైర్ ఒక కార్డు బోర్లించి ఫ్రెంచి సైన్యం వెనకున్న ఫ్ల్యూరస్ ఊరి వైపు అంచున పెట్టాలి. అందరికీ కనిపించేది దుమ్ము మాత్రమే. ఆ దళం ఎవరిదో అంపైర్ ఒక్కడికే తెలియాలి. కార్డు టర్న్‌కి ఒక జానెడు జరుగుతుంటే నెపోలియన్ ఆడేవాడి చెయ్యి గార్డ్ బొమ్మల దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. అంత టెన్షన్ ఏ డైస్‌లోనూ రాదు! మీకు కావలసిన గంటన్నర అక్కడే దొరుకుతుంది.

ఏడో టర్న్‌కల్లా మీ మరో సేనాని థీల్మన్ కోర్‌ని మైదానం నుంచి విడదీయడం మొదలుపెట్టండి. మిగతావాళ్లకి దారి కాచేది అదే. వావ్ర్‌కి పోతున్నట్టు చీటీ రాసి అంపైర్ చేతికి ఇవ్వండి. ఫ్రెంచి పక్షానికి మాత్రం మీ బొమ్మలు టేబుల్ దిగాయన్నంత వరకే తెలియనివ్వండి, ఏ రోడ్డు పట్టారో మిమ్మల్ని తరిమే ఫ్రెంచి సేనాని గ్రూషీగా ఆడేవాడే వెతుక్కుంటాడు.