డీలిమిటేషన్‌కి అర్జీ రాసేముందు ఇది చదువు

నాన్నా చిన్నా,

మీ చింతూరు కుర్రాళ్ళంతా కలిసి డీలిమిటేషన్ కమిషన్‌కి, అదే నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీసేవాళ్ళకి, అర్జీ పెడదామనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది, నువ్వు వాట్సాప్‌లో పంపిన కాయితం కూడా చదివా. చాలా సంతోషం రా, చదువుకున్నోళ్ళు ముందు పడకపోతే ఈ పని ఎవరూ చెయ్యరు. నేను రెవెన్యూలో ఉన్నన్నాళ్ళూ మండలాల హద్దులు, జనాభా లెక్కలతోనే బతికా, పోయినసారి నియోజకవర్గాల హద్దులు మార్చిన 2008 ఆర్డర్ రాకముందు కమిషన్ జనం మాట వినే పబ్లిక్ సిట్టింగ్ కూడా దగ్గరుండి చూశా, అందుకని తెలిసింది చెప్తున్నా, ఓపిగ్గా చదువు.

నువ్వు రాసిన దాంట్లో సగం దక్షిణాదికి సీట్లు తగ్గుతాయన్న బాధే ఉంది. నాకూ ఉంది ఆ బాధ. 1971 లెక్క మీద ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది 1976లో కదలకుండా ఆపారు, తర్వాత దాన్నే 2026 దాటాక వచ్చే మొదటి జనగణన దాకా పొడిగించారు, ఈలోగా 2011 లెక్కకే యూపీలో ఒక్కో ఎంపీకి 25 లక్షల మంది తేలారు, కేరళలో 17 లక్షలు కూడా లేరు. పిల్లల్ని తగ్గించుకున్నందుకు మాకిదా ఫలితం అని మనవాళ్ళకి కడుపు మండుతుంది, మా ఓటుకి మాత్రం తక్కువ విలువెందుకు అని అటువాళ్ళు అడిగితే అదీ కొట్టిపారేసే మాట కాదు. అయితే ఏ రాష్ట్రానికి ఎన్ని అన్నది రాజ్యాంగంలో ఉన్న లెక్క, మార్చాలంటే పార్లమెంటు మార్చాలి. ఆ గోడు మీ ఎంపీకి వేరే కాయితం మీద రాయండి. కమిషన్‌కి రాసేది గీత ఎక్కడ పడాలన్న సంగతి ఒక్కటే.

ఇక మీ అరకు పార్లమెంటు సీటు సంగతి. శ్రీకాకుళం వైపు పాలకొండ, ఆ పక్కన కురుపాం, పార్వతీపురం, సాలూరు, తర్వాత అరకు, పాడేరు, చివర రంపచోడవరం, ఇలా కొండల వెంబడే తోరణంలా సాగదీసి 7 అసెంబ్లీలు కలిపారు. 2014లో పోలవరం ముంపు మండలాలు మనకి రావడంతో అప్పటిదాకా మహబూబాబాద్ ఎంపీ కింద ఉన్న మీ చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, భద్రాచలం ఊరి పక్కనున్న ఎటపాక కూడా రంపచోడవరంలో కలిసి ఇందులోకే వచ్చాయి. పాలకొండ నుంచి ఎంపీ మీ ఊరు రావాలంటే మైదానంలోకి దిగి, విశాఖ, రాజమండ్రి దాటి, మళ్ళీ మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలి, పొద్దుటే బయల్దేరితే చీకటి పడుతుంది. ఏడాదికి ఒక్కసారి కనపడితే గొప్ప అంటారు మీరు, నిజమే.

కానీ అందుకని రంపచోడవరాన్ని రాజమండ్రి పార్లమెంటులో కలపమని రాశావు చూడు, అది మాత్రం తీసెయ్ రా. రాజమండ్రి దగ్గరే, ఒప్పుకుంటా, అక్కడ కలిస్తే ఎంపీ ఆఫీసు పక్కనే ఉన్నట్టుంటుంది, కానీ 7లో మీరొక్కరే ఏజెన్సీ అవుతారు, మిగతా ఆరూ మైదానం, పోడు పట్టాల గురించి, పోలవరం నిర్వాసితుల గురించి అక్కడ ఓటు కోసం మాట్లాడాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. రాష్ట్రంలో ఉన్న 25 ఎంపీ సీట్లలో ఎస్టీ సీటు ఈ అరకు ఒక్కటే, దూరం భరించి అయినా దాన్ని నిలబెట్టుకోవాలి అని నా అభిప్రాయం. అలాగే ఆస్పత్రికి, సంతకి భద్రాచలమే వెళ్తాం కాబట్టి అటు కలపమని కూడా రాశారు, అది తెలంగాణ, రాష్ట్రం హద్దు దాటి కమిషన్ ఏమీ చెయ్యలేదు, ఆ పేరా ఉంటే మిగతాది కూడా తెలియక రాశారనుకుంటారు.

అడగాల్సింది వేరే ఉంది. విభజన చట్టంలో ఏపీకి 175 బదులు 225 అసెంబ్లీ సీట్లు అన్నారు, సుప్రీంకోర్టు 2025లో ఇప్పుడు కాదు అంది గానీ జనగణన తర్వాత ఆ తలుపు తెరుచుకోవచ్చు, అప్పుడు చింతూరు కేంద్రంగా ఒక అసెంబ్లీ అడగండి. 2011 జనాభాని 225తో భాగిస్తే సగటు 2 లక్షల 20 వేలు, మీ 4 మండలాలు కలిపినా చాలవు. అందుకని ఇంకేం కలపాలో కూడా మీరే చెప్పాలి, మారేడుమిల్లి, వై.రామవరం అనుకోండి, అవి తీస్తే రంపచోడవరానికి మిగిలేది ఎంతో కూడా రాయాలి. నా ఊరు అటు వెయ్యండి అని వదిలేసే అర్జీ ఎవరూ పట్టించుకోరు, పక్కోడి లెక్క కూడా సరిచేసి ఇస్తే చదువుతారు. ఊరి వారీ జనాభా, ఎస్టీల సంఖ్య జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి, కొత్త జనగణన అంకెలు వచ్చాక మళ్ళీ వేసుకోండి.

చట్టంలో కమిషన్ చూడమన్నవి భూమి తీరు, ఇప్పటికే ఉన్న పరిపాలన హద్దులు, రాకపోకలు, జనం సౌకర్యం. వాటికి సరిపడా రాయండి. శబరి, గోదావరి కలిసే కూనవరం దగ్గర వరదొస్తే ఏ రోడ్డు మునుగుతుంది, ఏ ఊరు తెగిపోతుంది, అప్పుడు రంపచోడవరం ఎలా వెళ్తారు, ఇవి. నేను చూసిన ఆ పబ్లిక్ సిట్టింగ్‌లో నాయకులు దండలతో వచ్చి గంటలు గంటలు మాట్లాడారు, ఒక్క ప్రశ్న పడలేదు. ఒక ముసలాయన మాత్రం పిల్లల డ్రాయింగ్ షీటు మీద వాళ్ళ మండలం గీసి, సంత ఎర్ర సిరాతో, పీహెచ్‌సీ నీలంతో, ఆఖరి బస్సు ఎన్నింటికో పక్కన రాసి తెచ్చాడు, ఆయన్ని దగ్గరికి పిలిచి అడిగి తెలుసుకున్నారు. కులం పేరు, పార్టీ పేరు ఎక్కడా రానివ్వొద్దు, మీకు ఎంత నిజమనిపించినా సరే.

టైమ్ ముఖ్యం. డ్రాఫ్ట్ గెజిట్‌లోనూ పేపర్లలోనూ వేసి గడువు చెప్తారు, ఆ గడువులోపు పడాలి. ఫైనల్ ఆర్డర్ వచ్చిందంటే దానికి చట్టం బలం ఉంటుంది, కోర్టుకెళ్ళి మార్పించుకోవడం దాదాపు అవ్వదు. అంతకంటే ముందే ఇంకో దారి ఉంది, పోయినసారి రాష్ట్రానికి 5గురు ఎంపీలు, 5గురు ఎమ్మెల్యేలు కమిషన్‌కి సాయంగా అసోసియేట్ మెంబర్లుగా కూర్చున్నారు, వాళ్ళకి ఓటు లేదు గానీ ఒప్పుకోకపోతే వాళ్ళ ప్రతిపాదన కూడా డ్రాఫ్ట్‌తో పాటు అచ్చు వేయించుకోవచ్చు. ఈసారీ అలాగే పెడితే వాళ్ళలో ఏజెన్సీ తెలిసినోళ్ళెవరో చూసి ముందే కలవండి.

నువ్వు ముందు ఆ 4 మండలాల మ్యాప్ గీసి ఫోటో పంపు, జనాభా కూడికలు నేను వేసిస్తా, దసరాకి వచ్చేటప్పుడు ఒరిజినల్ తెచ్చుకో.

మీ పెదనాన్న